371-డి అధికరణము: ఆంధ్రుల యొడంబడికలకు రాజ్యాంగమున గలిగిన రూపము

భారతదేశమున రాష్ట్రములకు వేఱువేఱు రాజ్యాంగములు లేవు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ప్రతి రాష్ట్రమునకును తన రాజ్యాంగము తన కున్నది. మసాచుసెట్సు రాష్ట్రపు రాజ్యాంగము 1780వ సంవత్సరమున నిర్మింపబడి, పెక్కు సవరణలతో నేటికిని అమలునం దున్నది. 1950 జనవరి 26వ తేదీని అమలులోనికి వచ్చిన భారతరాజ్యాంగ మట్లు చేయలేదు. రాష్ట్రముల శాసనసభలు, మంత్రివర్గములు, ఉన్నతన్యాయస్థానములు ఎట్లుండవలయునో తన యాఱవ భాగముననే చెప్పి, రాష్ట్రములకు ప్రత్యేకశాసనగ్రంథముల యవసరము లేకుండ జేసినది. జమ్మూకాశ్మీరమునకు మాత్రము 1957 మొదలు 2019 వఱకు ప్రత్యేకరాజ్యాంగ ముండెను.

అయినను కొన్ని రాష్ట్రముల చరిత్రనుండియే పుట్టి, ఆ రాష్ట్రములకే వర్తించు నధికరణములు రాజ్యాంగముయొక్క యిరువదియొకటవ భాగమున గలవు. ఆంధ్రప్రదేశమునుగూర్చిన 371-డి అధికరణ మట్టిది. పది ఖండములుగల యీ చిన్న శాసనమును తెలుగువారి స్వల్పరాజ్యాంగ మనిన నతిశయోక్తి కాదు. చదువున, కొలువున, ఏ ప్రాంతమువారి కెంత పాలు రావలయు నను ప్రశ్నకు ఇది సమాధానము. ఈ సమాధానము ఒక్కనాట లభించినది కాదు. ప్రాంతములు పరస్పర మిచ్చికొన్న మాట మొదట కాగితముపై నుండి, పిదప చట్టమై, ఆ చట్టమును నిలువక, తుదకు రాజ్యాంగమున జేరెను. ఆ ప్రయాణము తెలియనిచో అధికరణముయొక్క యర్థము తెలియదు. కృష్ణాడెల్టా యీ చరిత్రలో ఒకప్పుడు మాట యిచ్చిన పక్షము. మఱియొకప్పుడు ఆ మాట తనకు సంకెల యైనదని తిరుగబడిన పక్షము. కాన నాప్రాంతమును ముందిడుకొని దీనిని పరిశీలించుట యుక్తము.

రాజ్యాంగ శబ్దము

'రాజ్యాంగము' అను మాట నేడు దేశముయొక్క మూలశాసనమును దెలుపుచున్నది. పూర్వ మది యొక గ్రంథమునకు పేరు కాదు. స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రము అను నేడును రాజ్యమునకు అంగములని నీతిశాస్త్రకారులు చెప్పిరి. వీనిలో ప్రతి యొక్కటియు రాజ్యాంగమే. కౌటిల్యుని యర్థశాస్త్రమున ఆఱవ యధికరణ మీ యంగముల గుణములను వివరించును. ఆ గ్రంథమున 'అధికరణ' మనగా నొక పెద్ద విభాగము. నేటి శాసనపరిభాషలో నొక నియమము. శబ్దము లవియే, అర్థములు మాఱినవి.

ఈ మార్పులో నొక విశేషము కలదు. ప్రాచీనులు జనపదమును ఒక్క యంగముగా నెంచిరి. జనపదములోని భాగములకు పరస్పరము గల హక్కులను వారు ప్రత్యేకాంగముగ జెప్పలేదు. ఆధునిక కాలమున, భాషయే ప్రమాణముగా రాష్ట్రములు నిర్మింపబడినపుడు, ఆ ప్రశ్న ముందునకు వచ్చినది. ఒకే భాష మాట్లాడుచు, వేఱువేఱు ప్రభుత్వములక్రింద వేఱువేఱు రీతుల పెరిగిన ప్రాంతములు ఏకమైనప్పుడు వానినడుమ న్యాయ మెట్లు కుదురును? 371-డి యీ ప్రశ్నకే పుట్టినది.

బాపట్ల మొదలు శ్రీబాగు వఱకు

1855లో కృష్ణానదిపై విజయవాడయొద్ద ఆనకట్ట పూర్తియైన పిదప ఉభయతీరములందును కాలువలు సాగి, డెల్టాభూములు వరిపంటకు నెలవులైనవి. పంటవెంట ధనము, ధనమువెంట పాఠశాలలు వచ్చెను. మచిలీబందరున రాబర్టు నోబిలు 1843లో స్థాపించిన పాఠశాల పిదప కళాశాల యయ్యెను. ఇంగ్లీషు చదివినవారు ప్రభుత్వోద్యోగములకు పోయిరి. అచట చెన్నపట్టణపు అరవవారి పోటీ వారికి గోచరించెను. ఆంధ్రోద్యమమునకు భాషాభిమానముతోపాటు ఈ యుద్యోగప్రశ్నయు మూలమే.

మొదటి యాంధ్రమహాసభ 1913లో డెల్టాలోని బాపట్లయందు బయ్యా నరసింహేశ్వరశర్మ అధ్యక్షతను జరిగెను. మఱుసటియేట విజయవాడలో న్యాపతి సుబ్బారావు అధ్యక్షతను జరిగిన సభ ప్రత్యేకరాష్ట్రమును గోరుచు తీర్మానించెను. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయము విజయవాడ కేంద్రముగనే యారంభమై, 1930లో వాల్తేరునకు తరలెను.

చెన్నపట్టణమున అరవవారినిగూర్చి తీరవాసులకు గల భయమే, రాబోవు నాంధ్రరాష్ట్రమున తీరవాసులనుగూర్చి రాయలసీమవారికి గలిగెను. చదువున, ధనమున ముందున్నవారితో గలిసినచో తమ గతి యేమి యని వా రడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానముగ 1937 నవంబరు 16వ తేదీని చెన్నపట్టణమున, కాశీనాథుని నాగేశ్వరరావుగారి 'శ్రీబాగు' గృహమున, ఉభయప్రాంతముల నాయకులు ఒడంబడిక చేసికొనిరి. కృష్ణా గుంటూరు మండలముల పక్షమున భోగరాజు పట్టాభిసీతారామయ్య, కొండ వెంకటప్పయ్య మున్నగువా రందు పాల్గొనిరి. విశ్వవిద్యాలయకేంద్రములు వాల్తేరునందును అనంతపురమునందును ఉండవలయు ననియు, నదీజలముల వినియోగమున రాయలసీమకు పదియేండ్లు ప్రాధాన్య మీయవలయు ననియు, రాజధాని యొకచోటను ఉన్నతన్యాయస్థానము మఱియొకచోటను ఉండవలయు ననియు, ఆ రెంటిలో కోరుకొను హక్కు రాయలసీమ దనియు అందలి ముఖ్యాంశములు.

శ్రీబాగు ఒడంబడికకు చట్టబలము లేదు. 1953 నాటి యాంధ్రరాష్ట్రచట్టమున దాని పేరే లేదు. అయినను రాజధానివిషయమున నది నిలిచెను. విజయవాడ గుంటూరు ప్రాంతమున రాజధాని యుండవలయు నని డెల్టావాసులు గట్టిగ గోరినను, 1953 అక్టోబరు 1వ తేదీని కర్నూలు రాజధానిగ నాంధ్రరాష్ట్ర మవతరించెను; ఉన్నతన్యాయస్థానము 1954లో గుంటూరున నేర్పడెను. మాట యిచ్చినవారు సభలలో బలము గలిగి, గౌరవము తలచి నిలిచినంతకాలము మాట నిలుచును. నీటినిగూర్చిన వాగ్దాన మట్లు తేలికగ తీరలేదు. రాజధాని నొక్కనాట నిర్ణయింపవచ్చును. నీటిని ఏటేట పంచవలయును. అమలుచేయు నధికారి యెవ్వరో చెప్పని యొడంబడిక యేటేట జరుగవలసిన పనిని చేయింపజాలదు. ఈ భేదము పిదపటి చరిత్రకంతకును వర్తించును.

పెద్దమనుషుల యొడంబడిక

రెండవ యొడంబడిక తెలంగాణముతో జరిగినది. హైదరాబాదురాజ్యమున పరిపాలనభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు నదియే. ఇంగ్లీషు చదివి, చెన్నపట్టణపు కచేరీల పద్ధతు లెఱిగిన తీరవాసులు వచ్చినచో తమవారు వెనుకబడుదు రని తెలంగాణమువారు శంకించిరి. రాష్ట్రపునర్విభజనసంఘము 1955 సెప్టెంబరున నిచ్చిన నివేదికలో, తెలంగాణమును అప్పటికి వేఱురాష్ట్రముగ నుంచి, 1961 ప్రాంతమున జరుగు నెన్నికల పిమ్మట అచటి శాసనసభ మూడింట రెండువంతుల సమ్మతితో కోరినచో నాంధ్రముతో గలుపవచ్చునని చెప్పెను. ఆ జాగు నాయకులకు నచ్చలేదు.

1956 ఫిబ్రవరి 20వ తేదీని ఢిల్లీలో, ఆంధ్రపక్షమున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు, తెలంగాణపక్షమున బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకటరంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె. వి. నరసింగరావు కలిసి చేసికొన్న నిర్ణయములకు 'పెద్దమనుషుల ఒప్పందము' అని పేరు వచ్చెను. తెలంగాణపు మిగులు ఆదాయము నా ప్రాంతముననే వెచ్చించుట, ఉద్యోగములకు అచటి నివాసము నియమముగ నుంచుట, ప్రాంతమునకు ప్రత్యేకసంఘ ముండుట యిందలి ముఖ్యాంశములు. 1956 నవంబరు 1వ తేదీని ఆంధ్రప్రదేశ మేర్పడెను.

ఈసారి మాట మాటగనే యుండిపోలేదు. రెండు విధముల శాసనమున జేరెను. రాజ్యాంగముయొక్క యేడవ సవరణచే 371వ యధికరణమున ప్రాంతీయసంఘమునకు స్థానము లభించెను. ఉద్యోగములకు గల నివాసనియమముమాత్రము పార్లమెంటుచేసిన 1957 నాటి మామూలు చట్టమున జేరెను. మొదటిది రాజ్యాంగము; రెండవది చట్టము. ఈ తారతమ్యము పండ్రెండేండ్లకు బయల్పడెను.

'రాష్ట్రము' అను పదమునకు అర్థమేమి?

రాజ్యాంగముయొక్క 16వ యధికరణము జన్మస్థానమునుబట్టి గాని, నివాసమునుబట్టి గాని ప్రభుత్వోద్యోగములలో భేదము చూపరాదని శాసించును. దాని మూడవ ఖండ మొక యపవాదము చెప్పును: ఒక రాష్ట్రములోని యుద్యోగమునకు 'ఆ రాష్ట్రము'న నివాసము ఉండవలయు నని పార్లమెంటు చట్టము చేయవచ్చును. 1957 చట్ట మీ యపవాదమును ఆశ్రయించినది. కాని యది రాష్ట్రమంతటి నివాసమును గోరక, రాష్ట్రమున నొక భాగమగు తెలంగాణపు నివాసమును గోరెను.

1969 మార్చి 28వ తేదీని సుప్రీంకోర్టు దీనిని విచారించి తీర్పు చెప్పెను. అపవాదమున 'రాష్ట్ర' మని యున్నదే కాని 'రాష్ట్రభాగ' మని లేదు. కాన తెలంగాణమునకు ప్రత్యేకముగ నివాసనియమము విధించు భాగము చెల్లదని తీర్పుయొక్క సారము. సూత్రమున నొక పదము తక్కువైనచో వృత్తి దానిని పూరింపజాలదని శాబ్దికులు చెప్పుదురు. ఇట నట్లే జరిగెను. 1956లో పెద్దమనుషు లొసగిన మాట యెంత స్పష్టమైనను, దానిని మోయు శాసనమునకు ఆధారమైన పదము చాలలేదు.

శబ్దార్థదృష్టితో నీ తీర్పు నిర్దుష్టము. కాని యది వెలువడినప్పుడు తెలంగాణమున ఉద్యమము సాగుచుండెను. నియమము అమలు జరుగలేదని యుద్యమించుచున్న ప్రజలకు, నియమమే చెల్లదని న్యాయస్థానము చెప్పినట్లయ్యెను. డెల్టావాసి 16వ యధికరణమున సమానత్వమును చదివెను. తెలంగాణవాసి 1956 నాటి వాగ్దానమున విశ్వాసమును చదివెను. ఇరువురిచేతులందును పత్రము లుండెను. ఒకరి పత్రమును న్యాయస్థానము చదువగలదు. రెండవవారి పత్రమును చదువుట కధికారము లేదు.

ముల్కీ నిబంధనలు

'ముల్కు' అనగా దేశము. 'ముల్కీ' అనగా దేశీయుడు. నైజాము 1919లో నొసగిన ఫర్మానాచే హైదరాబాదుకొలువులో ముల్కీలకే స్థాన మని యేర్పడెను. పుట్టుకచే గాని, 15 ఏండ్ల స్థిరనివాసముచే గాని ముల్కీత్వము సిద్ధించును. 1957 చట్టము పడిపోగా నీ పాత నిబంధనల ప్రశ్న పైకి వచ్చెను. రాజ్యాంగము అమలులోనికి వచ్చునాటికి ఉండిన యిట్టి చట్టములు, పార్లమెంటు మార్చువఱకు కొనసాగునని 35వ యధికరణముయొక్క 'బి' ఖండము చెప్పుచున్నది. ముల్కీనిబంధనలు దానిచే బ్రతికియున్నవా, లేవా?

రాష్ట్రపు ఉన్నతన్యాయస్థానము లేవని చెప్పెను. సుప్రీంకోర్టు 1972 అక్టోబరు 3వ తేదీని ఆ తీర్పును త్రోసివేసి, తెలంగాణప్రాంతమున నవి బ్రతికియే యున్నవని నిర్ణయించెను. ప్రజాప్రతినిధులు చేసిన 1957 చట్టము చెల్లక, రాజు చేసిన 1919 నిబంధన చెల్లుట విచిత్రముగ దోచును. కాని రాజ్యాంగపాఠము ననుసరించిన రెండును సరియే: క్రొత్త చట్టమునకు 16వ యధికరణము పరీక్ష; పాత చట్టమునకు 35వ యధికరణము రక్ష.

ఈసారి క్రోధము తీరాంధ్రమున బుట్టెను. హైదరాబాదు రాష్ట్రమంతటికిని రాజధాని. అందలి కొలువులకు తాము పరాయివార మైతిమని డెల్టావాసులు భావించిరి. విజయవాడ 'జై ఆంధ్ర' ఉద్యమమునకు ముఖ్యకేంద్ర మయ్యెను. విద్యార్థులు చదువులు మానిరి; ఆంధ్రప్రాంతపు ప్రభుత్వోద్యోగులు సమ్మెచేసిరి; పోలీసుకాల్పులలో పలువురు మరణించిరి. కృష్ణామండలనాయకుడు కాకాని వెంకటరత్నము ఉద్యమమధ్యముననే 1972 డిసెంబరున మృతినొందెను. ఆ నెలలోనే పార్లమెంటు ముల్కీనిబంధనలను కొంత పరిమితముచేయుచు చట్టము చేసినను ఉద్యమము చల్లారలేదు. 1973 జనవరిలో పి. వి. నరసింహారావు మంత్రివర్గము తొలగి, రాష్ట్రపతిపాలన వచ్చెను. అరువదియేండ్ల క్రిందట ఆంధ్రులందఱు నొకటి కావలయునని తీర్మానములు చేసిన పట్టణములే యిపుడు విడిపోవలయునని ఘోషించెను.

అధికరణముయొక్క నిర్మాణము

1973 సెప్టెంబరు 21వ తేదీని ఉభయప్రాంతనాయకులు ఆఱుసూత్రముల పథకమున కంగీకరించిరి. వెనుకబడిన ప్రాంతముల యభివృద్ధి, విద్యాలయములలో స్థానికులకు ప్రాధాన్యము, హైదరాబాదున కేంద్రవిశ్వవిద్యాలయము, కొన్ని శ్రేణుల యుద్యోగములలో స్థానికులకు ప్రాధాన్యము, ఉద్యోగవివాదములకు పరిపాలనాన్యాయమండలి, వీని కన్నిటికిని చాలునట్లు రాజ్యాంగసవరణము, తత్ఫలితముగ ముల్కీనిబంధనలును ప్రాంతీయసంఘమును తొలగుట – ఇవి యందలి విషయములు. రాజ్యాంగముయొక్క ముప్పదిరెండవ సవరణచే 371-డి, 371-ఇ అధికరణములు చేరి, 1974 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను.

పూర్వపు లోపము లెట్లు సవరింపబడెనో పరికింపదగును. 1969లో 'రాష్ట్రభాగము' అను మాట లేకపోవుటచే చట్టము పడిపోయెను. కాన క్రొత్త యధికరణముయొక్క మొదటి ఖండముననే రాష్ట్రపు వివిధభాగములకు చెందిన ప్రజలనుగూర్చి చెప్పబడినది. 16వ యధికరణము మఱల నడ్డురాకుండ, రాజ్యాంగమున మఱియెచ్చట నేమున్నను ఈ యధికరణమును దీనిక్రింది యుత్తరువులును చెల్లునని పదవ ఖండమున జెప్పబడినది. అన్నిటికంటె ముఖ్యమైన మార్పు వేఱొకటి. ముల్కీనిబంధన ఒక ప్రాంతమునకే రక్ష. 371-డి యే ప్రాంతమును పేర్కొనలేదు. తెలంగాణ మని గాని, ఆంధ్ర మని గాని, రాయలసీమ యని గాని యందు లేదు. రాష్ట్రము మొత్తముయొక్క యవసరములను దృష్టియందుంచుకొని, వివిధభాగముల ప్రజలకు న్యాయమైన యవకాశములు కల్పింపవలయు నని మాత్ర మున్నది. అందఱును ఎచ్చటనో స్థానికులే. అందఱును ఎచ్చటనో స్థానికేతరులే.

1975 అక్టోబరు 18వ తేదీ నాటి రాష్ట్రపతియుత్తరువు ఈ సూత్రమునకు ఆచరణరూప మిచ్చెను. రాష్ట్రము ఆఱు జోనులుగ విభజింపబడెను. గుమాస్తాల స్థాయి యుద్యోగములలో నూటికి 80, అంతకు పైబడిన గెజిటెడ్ కాని యుద్యోగములలో 70, పేర్కొనబడిన కొన్ని గెజిటెడ్ యుద్యోగములలో 60 స్థానికులకు ప్రత్యేకింపబడెను. సచివాలయము, శాఖాధిపతుల కార్యాలయములు స్థానికశ్రేణులకు వెలుపల నుంచబడెను. హైదరాబాదులోని పై కచేరీలు అందఱి వని డెల్టావాసులు గోరినది యీ విధముగ నెఱవేఱెను.

స్థానికు డెవడు? ఈ ప్రశ్నకు 1975 ఉత్తరువు చెప్పిన జవాబు ముల్కీనిబంధనకంటె భిన్నము. మెట్రిక్యులేషను పరీక్షకు మొదట గూర్చున్న యేటితో ముగియునట్లు నాలుగేండ్లు వరుసగ నెచ్చట చదివెనో, అతడా ప్రాంతమున స్థానికుడు. బడిలో చదువనివానికి అంతకు ముందటి నాలుగేండ్ల నివాసము ప్రమాణము. 1919లో రాజునకు ప్రజ యగుట, తండ్రి నివాసము ముఖ్యములు. 1975లో బాలుడు గూర్చున్న బడిబల్ల ముఖ్యము. వంశమునుండి విద్యకు ప్రమాణము మాఱుట స్వల్పవిషయము కాదు.

డెల్టాకు దీనివలన గలిగిన ఫల మొకటి చెప్పదగినది. 1859లో ఇంగ్లీషుప్రభుత్వము గుంటూరు జిల్లాను రద్దుచేసి మచిలీబందరుతో గలుపగా కృష్ణాజిల్లా యేర్పడెను. 1904లో గుంటూరు మఱల వేఱుపడెను. అనగా నలువదియైదేండ్లు నది కిరుప్రక్కల గల డెల్టా ప్రధానముగ నొకే జిల్లా. 1975 ఉత్తరువున కృష్ణాజిల్లా ఉభయగోదావరులతో గలిసి రెండవ జోను. గుంటూరు జిల్లా ప్రకాశము, నెల్లూరులతో గలిసి మూడవ జోను. ఒకే యానకట్టనీటితో పండు పొలములనడుమ కొలువుల సరిహద్దు వచ్చినది. ఈవల విజయవాడలో చదివినవాడు ఆవల సీతానగరమున జోను కొలువునకు స్థానికేతరుడు. కళాశాలలలో ప్రవేశమునకుమాత్ర మట్లు కాదు: 1974 నాటి ప్రవేశముల యుత్తరువున కృష్ణా గుంటూరులు రెండును ఆంధ్రవిశ్వవిద్యాలయప్రాంతముననే యుండెను, అందు నూటికి 85 స్థానములు స్థానికులవి. ఒకే యధికరణముక్రింద నొకే నది విద్యకు సరిహద్దు కాక, ఉద్యోగమునకు సరిహద్దైనది. ఉత్తరాంధ్రమునకును డెల్టాకును, డెల్టాకును దక్షిణమండలములకును పోటీ తగ్గించుట జోనుల యుద్దేశము. పూర్వము తెలంగాణవాసి తననుగూర్చి చెప్పిన భయమును శాసనమిపుడు ప్రతి మండలమునకును ఊహించెను.

న్యాయస్థానముల వ్యాఖ్యానము

ఒక శాసనమునకు అర్థము చెప్పునపుడు దాని చరిత్రను చూడవచ్చునా? 1978 సెప్టెంబరున సుప్రీంకోర్టు నెదుట నీ ప్రశ్న నిలిచెను. 371-డి మూడవ ఖండము క్రింద నేర్పడిన పరిపాలనాన్యాయమండలికి రాష్ట్రపు సివిలు ఉద్యోగుల వివాదములు చేరవలయును. ఉన్నతన్యాయస్థానపు సిబ్బందియు, క్రింది న్యాయాధికారులును ఆ మాటలో జేరుదురా? అక్షరములు మాత్రము చూచిన రెండర్థములును కుదురును. అపుడు న్యాయస్థానము ఆఱుసూత్రముల పథకమును, సవరణకు గల యుద్దేశమును పరిశీలించి, ప్రాంతీయోద్యోగవివాదముల తీర్పే యిందలి లక్ష్యమనియు, న్యాయశాఖాస్వాతంత్ర్యమును తగ్గించు నుద్దేశ మందు లేదనియు గ్రహించి, వారు దీనిలో జేరరని నిర్ణయించెను. 1969లో పదమే ప్రమాణము. 1978లో పదమునకు సందేహము గలుగగా చరిత్ర ప్రమాణమైనది. పెద్దమనుషుల యొడంబడికకు దక్కని గౌరవము ఆఱుసూత్రముల పథకమునకు దక్కుటకు కారణము, ఈ పథకము రాజ్యాంగసవరణకు బీజముగ నిలుచుటయే.

ఐదవ ఖండముగతి వేఱు. న్యాయమండలి తీర్పు ప్రభుత్వము స్థిరపఱచినపుడుగాని, మూడునెలలు గడచినపుడుగాని అమలులోనికి వచ్చు ననియు, ఈలోపల ప్రభుత్వము దానిని మార్చవచ్చును, రద్దుచేయవచ్చు ననియు అందుండెను. ఉద్యోగి వాది, ప్రభుత్వము ప్రతివాది, తీర్పును రద్దుచేయు నధికారమును ప్రతివాదికే. 1986 డిసెంబరున సుప్రీంకోర్టు ఈ ఖండమును కొట్టివేసెను. చట్టబద్ధపరిపాలనము రాజ్యాంగముయొక్క మూలస్వరూపమున భాగమనియు, సవరణచేతనైనను దానిని చెఱుపరాదనియు ఆ తీర్పుసారము. పదవ ఖండము రాజ్యాంగమున నేమున్నను తాను చెల్లుదు నన్నది. కాని రాజ్యాంగముయొక్క ప్రాణమునకు ఎదురుగ చెల్లదని దీనిచే దేలెను.

అక్షరమునకును ఆచరణకును గల దూరమును న్యాయస్థానములు పూర్తిగ తీర్పజాలవు. స్థానికులకు రావలసిన స్థానములలో నితరులు నియమింపబడిరని తెలంగాణోద్యోగులు ఫిర్యాదుచేయగా, ప్రభుత్వము 1985 డిసెంబరు 30వ తేదీని 610వ సంఖ్యగల యుత్తరువు నిచ్చి, ఐదవ యాఱవ జోనులలో నట్లు చేరినవారిని వారి జోనులకు బంపవలయు నని యాజ్ఞాపించెను. ఆ యుత్తరువు అమలునుగూర్చిన వివాదము రెండుదశాబ్దములకు మించి సాగి, పిదపటి తెలంగాణోద్యమమునకు ముఖ్యకారణములలో నొక్కటి యయ్యెను. రాజ్యాంగమున జేరిన మాటయును, కచేరీలో నియామకపత్రము వ్రాయువాడు మన్నించినప్పుడే నిజమగును.

2014 పిమ్మట

2014 జూన్ 2వ తేదీని తెలంగాణము వేఱురాష్ట్ర మయ్యెను. ప్రాంతములు విడిపోయిన పిదప 371-డి యక్కఱ లేదని తోచవచ్చును. అట్లు జరుగలేదు. పునర్విభజనచట్టముయొక్క 97వ విభాగము ఈ యధికరణమును ఉభయరాష్ట్రములకును వర్తింపజేసెను. అధికరణ మే ప్రాంతమును పేర్కొనక, 'వివిధభాగముల' నే పేర్కొని యుండుటచే, విడిపోయిన రెండు రాష్ట్రములకును అది సరిపోయెను. 'రాష్ట్రము మొత్తముయొక్క యవసరములు' అను మాటకు బదులు ఒక్కొక్క రాష్ట్రముయొక్క యవసరము లను నర్థమిచ్చు మాట చేర్చబడెను. నలువదియేండ్లు ఐక్యమునకు గుఱుతైన 'మొత్తము' అను పద మట్లు తొలగెను.

ఇందు శాస్త్రజ్ఞులు గమనింపదగిన యంశ మొకటి కలదు. 1974లో నీ యధికరణము 368వ యధికరణమున జెప్పబడిన ప్రత్యేకాధికసంఖ్యతో రాజ్యాంగమున జేరెను. మామూలు చట్టము నిలువనందుననే అంత బలమైన స్థానము దాని కీయబడెను. కాని రాష్ట్రములను విభజించు చట్టమున కానుషంగికముగ రాజ్యాంగపాఠమును మార్చినచో, అది 368వ యధికరణపు సవరణగా నెంచబడదని 4వ యధికరణము చెప్పుచున్నది. దానిని బట్టి 2014లో 371-డి మామూలు చట్టముచేతనే మార్చబడెను. మామూలు చట్టమునుండి తప్పించుటకు కట్టిన కోటకు మామూలు చట్టము ప్రవేశింపగల ద్వార మొకటి మొదటినుండియు నుండె నన్నమాట. ఆ ద్వారమునుండి ఈసారి వచ్చినది మేలే. అధికరణము నశింపక రెట్టింపైనది.

విభజనతో స్థానికప్రశ్న విజయవాడకు క్రొత్తరూపమున వచ్చెను. 2016లో ప్రభుత్వకార్యాలయములు హైదరాబాదునుండి విజయవాడకును, నది యావల వెలగపూడికిని తరలివచ్చెను. హైదరాబాదున చదివిన యుద్యోగుల బిడ్డలు బడిబల్ల ప్రమాణముచే ఆంధ్రప్రదేశమున నెచ్చటను స్థానికులు కారు. ఆ లోపమును తీర్చుటకు, 2014 జూన్ 2వ తేదీ మొదలు మూడేండ్లలో తరలివచ్చినవారు స్థానికులుగ నెంచబడుదు రని 2016లో రాష్ట్రపతి సవరణోత్తరువు వెలువడెను; ఆ గడువు పిదప పొడిగింపబడెను. 1972లో హైదరాబాదున తాము పరాయివార మైతిమని మొఱపెట్టిన ప్రాంతమే, హైదరాబాదునుండి వచ్చువారిని తనవారిగ జేసికొనుటకు నియమము సడలింప గోరవలసివచ్చెను. తెలంగాణమున 2018లో క్రొత్త యుత్తరువు వచ్చి, ఏడు జోనులును, స్థానికులకు నూటికి 95 వంతులును నిర్ణయింపబడెను.

శ్రీబాగు మొదలు 371-డి వఱకు గల చరిత్రను గలిపి చూచినచో నొక సత్యము తేటపడును. ముందున్న ప్రాంతము వెనుకనున్న ప్రాంతమున కిచ్చిన మాట, ఇచ్చినవారి మంచితనముపై నాధారపడినపుడు కొంతయే నిలిచెను; ఆధారపదము చాలని చట్టముపై నాధారపడినపుడు కూలెను; ఒక ప్రాంతమునకే వరముగ నున్నపుడు రెండవ ప్రాంతమునకు శాపముగ దోచెను. అందఱికిని సమముగ వర్తించు నియమమై, రాజ్యాంగమున జేరి, న్యాయస్థానముల పరిశీలనకు లోబడినపుడే యది దీర్ఘకాలము బ్రతికెను. అది ఐక్యమును గాపాడలేదు. ఐక్యమును గాపాడుట యొక యధికరణమునకు సాధ్యమైన పనియు గాదు. కాని విడిపోయిన పిదపను ఉభయులును దానిని వదలుకొనలేదు. రెండు రాష్ట్రములు తెగిపోయినను, వానినడుమ నొడంబడికగ బుట్టిన నియమము ఉభయుల యింటను నిలిచినది. స్థానికు డెవ డను ప్రశ్న వచ్చినపుడెల్ల, తన బిడ్డకొఱకు కోరిన న్యాయమునే పొరుగుమండలపు బిడ్డకును ఒసగుటకు ఆ ప్రాంతము సిద్ధముగ నున్నదా యని 371-డి యడుగుచున్నది. దాని యర్థమును నిర్ణయించుటలో న్యాయస్థానములకు ఎంత భాగమున్నదో, విజయవాడ, గుంటూరు, కర్నూలు, హైదరాబాదు పట్టణముల పౌరులకును అంత భాగ మున్నది.